మగ్గం ఎక్కడమ్మా?

పొట్టి వీడియోల పేరెత్తగానే మొహం చిట్లించే పెద్దమనుషులు మన మధ్య చాలామందే ఉన్నారు. "సంసార స్త్రీలకు ఇదేం పోయేకాలం? ఫోను నిలబెట్టి దాని ముందు చీరలు తిప్పడమూ, కూరలు కలపడమూ!" అని వీరి బాధ. ఆ బాధ పడటానికి కూడా వాళ్ళకు ఆ ఫోనే కావాలనుకోండి, అది వేరే సంగతి. రాత్రి భోజనాలయ్యాక వాలుకుర్చీలో కూచుని, బొటనవేలితో ఒకదాని తర్వాత ఒకటి తోసుకుంటూ గంటన్నర చూసి, "ఛీ ఛీ, లోకం పాడైపోయింది" అని అప్పుడు పడకెక్కుతారు.

నేను మాత్రం ఆ జట్టులో చేరను. చేరితే నా కలానికే ద్రోహం చేసినదాన్నవుతాను. వారపత్రికల్లో సీరియల్స్ రాసే ఆడవాళ్ళను గురించి మన పెద్దలు సరిగ్గా ఇలాంటి మాటలే అన్నారు గదా! 1960లలో, 70లలో కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన రాస్తూంటే, వంటింటి సాహిత్యమని మూతి విరిచారు. అదే 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి'గా తెరమీదికి వస్తే టిక్కెట్లు కొనుక్కుని మరీ చూశారు. మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాసిన రోజులవి. పురాణం సీత పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' చెప్పింది పురాణం సుబ్రహ్మణ్యశర్మగారన్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఆ సీరియల్స్ ఏం చేశాయి? అంతకుముందు పుస్తకం ముట్టని ఇల్లాళ్ళను చదువరులను చేశాయి. ఎలా చేశాయి? ఆపాల్సిన చోట ఆపి చేశాయి. తలుపు చప్పుడైంది, ఆమె తలుపు తీసింది, ఎదురుగా... అంతే! కింద చిన్న అక్షరాల్లో "సశేషం". ఇక వారమంతా పోపులో ఆవాలు చిటపటలాడుతున్నా ఆ తలుపు దగ్గర ఎవరున్నారన్నదే ధ్యాస. కాబట్టి కొత్తవాళ్ళను ఆకట్టుకోవడానికి ఒక చిన్న కొక్కెం వేయడం తప్పని నేనెలా అంటాను? కొక్కేలు వేసుకునే బతికిన వంశం మాది!

నా పేచీ రెండో జట్టుతో. వీడియోలు ఎలా తీయాలో నేర్పే గురువులు కొందరు ఇప్పుడు బయల్దేరారు. "మొదటి మూడు సెకన్లలో చూసేవాణ్ణి పట్టుకోవాలి, లేకపోతే తోసేసి వెళ్ళిపోతాడు" అంటారు. బాగానే ఉంది. పట్టుకున్నాక ఏం చెయ్యాలి స్వామీ అంటే, "ఇంకోటి తీసి ఇంకొకణ్ణి పట్టుకోవాలి" అంటారు. ఆ తర్వాత? "మళ్ళీ ఇంకోటి." ఇదేం వరస! సీరియల్లో "సశేషం" అని రాస్తే అది బాకీ. వచ్చేవారం ఆ తలుపు దగ్గర ఎవరున్నారో చెప్పి తీరాలి. చెప్పకపోతే పాఠకురాళ్ళు ఊరుకోరు. ఎడిటరుగారికి ఉత్తరాలు గుప్పిస్తారు. ఈ గురువుల చదువులో ఆ బాకీ తీర్చే పాఠమే లేదు.

ఇదంతా ఎందుకు ఏకరువు పెడుతున్నానంటే, ఆ తీరని బాకీ మా వైపు కూడుగుడ్డల సమస్య అయి కూర్చుంది. మా వైపంటే పాలమూరు. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ వేరువేరు జిల్లాలయ్యాయి. జిల్లాలు వేరైనా కృష్ణ ఒకటే, కరువు ఒకటే, చీర ఒకటే. గద్వాల చీర గద్వాలలోనే నేస్తారనుకునేరు. రాజోలిలో నేస్తారు, ఇటు వనపర్తి జిల్లాలో అమరచింతలో, కొత్తకోటలో నేస్తారు. తిరుమల వెంకటేశ్వరస్వామికి బ్రహ్మోత్సవాలకు ఏటా వెళ్ళే ఏరువాడ జోడు పంచెలు గద్వాల మగ్గాల మీదివే. సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. దేవుడికి కట్టబెట్టినవాళ్ళు మనకు నేస్తున్నారంటే మన అదృష్టం కాదూ!

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించారు. ఖాళీ అయిన ఆ సింహాసనం మీద వారం పదిరోజుల్లో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చి కూచున్నాయి. సెప్టెంబరు వచ్చేసరికి యూట్యూబ్ షార్ట్స్ దిగింది, అదీ ప్రపంచంలో మొట్టమొదట మన దేశంలోనే. అది కరోనా కాలం. అంగళ్ళు మూత, పెళ్ళిళ్ళు వాయిదా, నేసిన చీరలు ఇళ్ళల్లో దొంతర్లు. అలాంటప్పుడు మా వైపు చీరలమ్మేవాళ్ళకు ఈ నిలువు బొమ్మలు దేవుడిచ్చిన దారిలా కనిపించాయంటే తప్పు పట్టేదేముంది? ఎక్కడో డల్లాస్‌లో ఉన్న అమ్మాయి గద్వాల కొంగు చూసి, ఫోన్లోనే బేరమాడి తెప్పించుకునే రోజు వచ్చింది. ఇది మంచి సంగతే. మంచి అని గట్టిగానే అంటాను.

కానీ ఆ వీడియోలను వరసగా ఒక పది చూడండి. ఒకమ్మాయి నిలబడుతుంది, భుజం మీద చీర వేసుకుంటుంది, కొంగు విదిలిస్తుంది. "హాయ్ అండీ, ప్యూర్ గద్వాల్, ఒకటే పీస్, త్వరపడండి!" అయిపోయింది. మగ్గం ఎక్కడ? నేసినవాడు ఎక్కడ? కండెలు చుట్టిన ఇల్లాలు ఎక్కడ? పదింటిలో ఒకదానిలో కనిపిస్తే మీరు అదృష్టవంతులు.

పోయిన ఎండాకాలం ఒక పెళ్ళికని అమరచింత వెళ్ళి, తెలిసిన నేతవాళ్ళింటికి పలకరింపుకు పోయాను. నేను వెళ్ళేసరికి అక్కడ ఒక కుర్రాడు చీర వీడియో తీస్తున్నాడు. పొరుగూరి షాపు తరఫున వచ్చాడు. చీరను దండెం మీద నిలువుగా వేలాడదీశాడు. వెనక గుంతమగ్గం కనబడుతూంటే దాని మీద దుప్పటి కప్పించాడు. ఆ ఇల్లాలు రాట్నం దగ్గర కూచుని కండెలు చుడుతోంది. "అక్కా, నువ్వు జర పక్కకు జరుగు, బొమ్మలకొస్తున్నవ్" అన్నాడు. ఆమె రాట్నం లాక్కుని గోడవారకు జరిగింది. కుర్రాడు వెళ్ళాక, "నువ్వెందుకమ్మా జరిగావు? ఇల్లు నీది, మగ్గం నీది, చీర మీది!" అన్నాను ఉండబట్టలేక. ఆమె నవ్వింది. "మా మొకాలు ఎవరు జూస్తరక్కా? చీర జూసి గద కొనేది" అంది.

చూడండి, ఎంత మామూలుగా అనేసిందో! 2019-20 చేనేత గణన ప్రకారం మన దేశంలో చేనేత పనివాళ్ళు 35 లక్షల పైచిలుకు. అందులో నూటికి 72 మంది ఆడవాళ్ళు. ఇంతమంది ఆడవాళ్ళ పని మన ఒంటిమీద ఉంది. వాళ్ళ మొహం మాత్రం బొమ్మలోకి వస్తే అడ్డం! మనం కట్టుకునే చీర కోసం, మనలాంటి ఒక ఆడదాన్ని, తన ఇంట్లోనే గోడవారకు జరిపారు. దీనికి మనకు కాకపోతే ఎవరికి కోపం రావాలి?

"కోపాలెందుకమ్మా, వ్యూస్ వస్తున్నాయా లేదా?" అంటారు గురువులు. వ్యూస్ సంగతే చూద్దాం. పొట్టి వీడియోలను రోజుకు సగటున 20,000 కోట్ల సార్లకు పైగా చూస్తున్నారని 2025లో యూట్యూబ్ సంస్థే చెప్పుకుంది. గుండె గుభేలుమనే లెక్క. అయితే అదే ఏడాది మార్చి 31 నుంచి వాళ్ళు లెక్కపెట్టే పద్ధతి మార్చారు. బొమ్మ కదలడం మొదలైతే చాలు, ఒక చూపు కింద రాసుకుంటారు. ఇది ఎలా ఉందంటే, మనింట్లో శ్రావణమాసం పేరంటం జరుగుతూంటే వీధిలో నడిచిపోయినవాళ్ళందరినీ మనింటికొచ్చి పసుపు కుంకుమ తీసుకున్నట్టు జమ కట్టడం లాంటిది. తమాషా ఏమిటంటే, వీడియో తీసినవాళ్ళకు డబ్బులిచ్చేటప్పుడు మాత్రం ఈ లెక్క పనికిరాదు. నిలబడి చూసినవాళ్ళ లెక్క వేరే ఉంచుకున్నారు. అంటే దారిన పోయే చూపు ఖరీదు ఏపాటిదో ఆ సంస్థకు తెలుసు. గురువులకే తెలియదు!

ఉట్టి చూపులు కూడు పెట్టవన్నదానికి మా నాగర్‌కర్నూల్ జిల్లాలోనే పెద్ద సాక్ష్యం ఉంది. లింగాల మండలం అవుసలికుంట ఊరి దర్శనం మొగులయ్యగారిని మీరెరుగుదురు. పన్నెండు మెట్ల కిన్నెర, సొరకాయ బుర్రలు, ఆ గొంతు! 2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినిపించగానే ఆ ముక్క ఊరూరా ఫోన్లలో మోగింది. దాని మీద ఎంతమంది గంతులేసి వీడియోలు తీశారో లెక్కలేదు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. ఇంతా అయ్యాక 2024 మే నెలలో మరో పొట్టి వీడియో ఊరంతా తిరిగింది. హైదరాబాదు శివార్లలో ఇల్లు కడుతున్నచోట అదే మొగులయ్యగారు కూలిపని చేస్తున్న వీడియో. నెలకు వచ్చే పదివేల రూపాయల సాయం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. జనం దాన్నీ చూశారు, అయ్యో అన్నారు. సాయానికి ముందుకొచ్చినవాళ్ళూ ఉన్నారు, కాదనను.

నేనడిగేది వేరు. ఆ పాట ముక్కకు గంతులేసిన లక్షలమందిలో ఆయన పండుగ సాయన్న కథ మొదటినుంచి చివరిదాకా కూచుని విన్నవాళ్ళు ఎంతమంది? కిన్నెర చేయించుకుని నేర్చుకుందామని ఆ ఊరి దారి పట్టినవాళ్ళు ఎంతమంది? ఒక రాత్రి కథకు పిలిచి సంభావన ఇచ్చినవాళ్ళు ఎంతమంది? కొత్తవాళ్ళు గుంపులుగా వచ్చారు, గుమ్మంలోంచే వెళ్ళిపోయారు. తప్పు ఆయనది కాదు. ఆయన పాటను కొక్కెం చేసుకున్నవాళ్ళు ఆ కొక్కేనికి తాడు కట్టలేదు. "ఈ పాట వెనక ఇంత కథ ఉంది, ఇటు రండి" అని చెప్పే నాథుడు లేకపోయాడు. పన్నెండు మెట్లుంటే మొదటి మెట్టు మీదే అందరినీ నిలబెట్టి పంపించారు.

చీరల దగ్గర ఇంకో ప్రమాదం కూడా ఉంది. బొమ్మలో మగ్గం లేకపోతే మరమగ్గం దూరుతుంది. మా పక్కింటి వదినగారు ఇలాంటి వీడియో ఒకటి చూసి, కూతురి సీమంతానికని "గద్వాల పట్టు" తెప్పించుకున్నారు. ఎక్కడినుంచో చెప్పను, చెప్పినా లాభం లేదు, ఆ పేరుతో ఇప్పుడు షాపే లేదు. చీర చూడ్డానికి లక్షణంగా ఉంది. తిప్పి చూస్తే అంచుకూ ఒంటికీ ఒకటే దారం, ఈ చివరినుంచి ఆ చివరిదాకా. ఆవిడ పాపం నెలరోజులు బాధపడ్డారు. మరి వీడియోలో ఆవిడకు చూపించిందేమిటి? అంచు మెరుపూ, కొంగు విదిలింపూ. ఆ రెండూ మరమగ్గం చీరకూ ఉంటాయి. కొన్ని రకాల చీరలు మగ్గం మీదే నేయాలని 1985లోనే చట్టం చేశారు. చట్టం ఫోనులోకి వచ్చి కూచోదు గదా!

అసలు గద్వాల చీర గొప్పతనమంతా మన కంటికి చప్పున ఆనని చోట ఉంది. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. ఒంటిదారం అంచులోకి పోదు, అంచుదారం ఒంట్లోకి రాదు. రెండూ కలిసేచోట ఒకదాన్నొకటి పెనవేసుకుని ఎవరిదారిన అవి వెనక్కి తిరుగుతాయి. కుప్పడం అంటారు. అందుకని ఒక్క వరస నేయడానికి మూడు నాడెలు కావాలి, రెండంచులకు రెండు, ఒంటికి ఒకటి. కొంగు దగ్గరకొస్తే పట్టు పడుగును నూలు పడుగుతో పోగుపోగుకూ అతకాలి. వేల పోగులు! ఈ పని చూస్తే కళ్ళు తిప్పుకోలేం. మూడు సెకన్లేం ఖర్మ, మూడు నిమిషాలు కూచోబెట్టే దృశ్యం. దాని మీద దుప్పటి కప్పి, కొంగు విదిలించి, చూసేవాళ్ళు నిలబడటం లేదని ఏడవడం ఎంత విడ్డూరం!

దీనికి వాళ్ళు చెప్పే సాకు ఒకటుంది. "మగ్గం అడ్డంగా ఉంటుందండీ, ఫోను బొమ్మ నిలువు. పట్టదు." ఎదురుగా నిలబడి చూసే షాపువాడికి పట్టదు, నిజమే. నేతగాడి భుజం వెనక నిలబడి చూడండి. పడుగు ఆయన ఒళ్ళోనుంచి బయల్దేరి తిన్నగా ఎదరకు సాగిపోతుంది. ఫోను నిలువెంతో పడుగు పోకడ అంత. కింద ఆయన చేతులు, నడిమధ్యన నాడె అటూ ఇటూ పరుగు, పైన దూరాన పోగుల బారులు. ఈ నిలువు బొమ్మ మగ్గం కోసమే కొలిచి చేసినట్టుంటుంది! కొనేవాళ్ళ వైపునుంచి చూస్తే పట్టని మగ్గం నేసేవాళ్ళ వైపునుంచి చక్కగా పడుతుంది. ఇబ్బంది ఫోనులో లేదు, దాన్ని పట్టుకున్న మనిషి ఎటు నిలబడ్డాడన్నదాంట్లో ఉంది.

అందుకని ఆ ఫోను నేతవాళ్ళింటి పిల్లల చేతిలోనే ఉండాలంటాను నేను. వనపర్తిలోనో గద్వాలలోనో డిగ్రీ చదువుతున్న ఆడపిల్ల ఇంట్లో ఉందనుకోండి. సాయంత్రం పది నిమిషాలు నాన్న భుజం వెనక నిలబడితే చాలు. ఒకరోజు కుప్పడం దగ్గర దారాలు పెనవేసుకునే తీరు తీయాలి. ఒకరోజు అమ్మ కండెలు చుట్టే చేతులు. ఒకరోజు అంచు తిరగేసి అసలుకూ నకిలీకీ తేడా. ప్రతిదాన్లోనూ ఒక్క ముడి మాత్రమే చూపించి, "కొంగు ఎలా అతుకుతామో రేపు చూపిస్తాను" అనాలి. రేపు తప్పకుండా చూపించాలి. 2024 అక్టోబరునుంచి షార్ట్స్ నిడివి మూడు నిమిషాలదాకా పెంచారు. పొట్టి వీడియో నుంచి పూర్తి వీడియోకు దారి పెట్టుకునే సదుపాయమూ ఉంది. అదే మన పాత "సశేషం". నేసినవాళ్ళ పేర్లు, ఎన్ని రోజులు పట్టింది, ఊరేది, అన్నీ చెప్పాలి. అప్పుడు వచ్చే కొత్తవాళ్ళు వెయ్యిమందే కావచ్చు. అందులో నలుగురు ప్రతి పండక్కీ తిరిగొస్తే ఆ ఇంటి మగ్గం ఆగదు.

"అంత ఓపికతో చూసేదెవరు?" అని మళ్ళీ దీర్ఘాలు తీస్తారు. మనమే! వారం వారం ఒక్క అధ్యాయం కోసం పత్రిక వచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డ అమ్మల కూతుళ్ళం. ఓపిక లేనిది మనకు కాదు. ఓపికగా చూడదగ్గదాన్ని మన ముందు పెట్టే ఓపిక అవతలివాళ్ళకు లేదు.

కాబట్టి వీడియోలు మానేయమని నేను ఎవరికీ చెప్పను. చూడండి, తీయండి, నచ్చితే కొనండి. కొనేముందు మాత్రం ఆ వీడియో కింద మూడు ప్రశ్నలు రాయండి. మగ్గం ఎక్కడమ్మా? అంచు వెనకవైపు చూపిస్తావా? నేసినవాళ్ళ పేరేమిటి? జవాబు రాకపోతే డబ్బు పంపకండి. వందమంది అడిగితే విసుక్కుంటారు, వెయ్యిమంది అడిగితే మగ్గం మీద దుప్పటి తీస్తారు. బేరమాడటంలో మనల్ని మించినవాళ్ళు లేరని పేరుంది గదా, ఆ విద్యను ఒక్కసారి ధర తగ్గించడానికి కాక దీనికి వాడి చూద్దాం.